తోడు అక్కర్లేని నడక

వాదించుకున్న ఇద్దరూ నడిచేవాళ్ళే కాబట్టి ఈ వాదన రాయాలనిపించింది. నడవనివాళ్ళు నడక ఎందుకనడం, అడవి తొక్కనివాళ్ళు అడవిని మెచ్చుకోవడం రోజూ వింటాం. దాంట్లో పస ఉండదు. మా అన్నయ్య ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా పశ్చిమ డెల్టా కాలువ గట్ల మీదే గడిచింది. శివదీక్ష తీసుకుని, ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం చేరే బృందంతో ఏటా వెళ్తాడు. మా అక్క కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది. కిందటి వేసవిలో అక్కడి సియెర్రా నెవాడా కొండల్లో జాన్ మ్యూర్ ట్రెయిల్ అనే దారిని మొదట్నుంచి చివరిదాకా ఒక్కతే నడిచింది. యోసెమిటీ లోయలో మొదలై, అలాస్కాని పక్కనపెడితే అమెరికాలోకెల్లా ఎత్తైన విట్నీ శిఖరం మీద ముగిసే ఆ దారి సుమారు 340 కిలోమీటర్లు. చాలామందికి మూడు వారాల నడక.

సంక్రాంతికి ఆ పిల్ల తణుకు వచ్చింది. కనుమ నాటి మధ్యాహ్నం మొదలైన మాట దీపాలు పెట్టే వేళకి కూడా తెగలేదు. మావయ్యని చిన్నప్పట్నుంచీ ‘నువ్వు’ అనే చనువు ఆ పిల్లది. నేను మధ్యలో ఎక్కువ మాట్లాడలేదు. ఎవరి మాటకీ అన్యాయం జరక్కుండా రాయడానికి ప్రయత్నించాను. నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేని చోట చెప్పాను.

మావయ్య: వెళ్ళావు, క్షేమంగా వచ్చావు, సంతోషం. అంత దూరం నడిచావంటే గర్వంగానే ఉందమ్మా. నాకు మింగుడు పడనిదల్లా ఆ ‘ఒక్కతే’. తోడు దొరక్క వెళ్ళావంటే అర్థం చేసుకుంటాను. వస్తామన్నవాళ్ళని కూడా వద్దన్నావట!

అమ్మాయి: అన్నాను. ఇద్దరు స్నేహితులు వస్తామన్నారు. ఇంకోసారి వెళ్దాం, ఇది మాత్రం నన్ను వదిలేయండని చెప్పాను.

మావయ్య: ఏం, వాళ్ళతో పడదా?

అమ్మాయి: బాగానే పడుతుంది. నేను పెరిగింది ఈ ఊళ్ళో మావయ్యా. ఇక్కణ్ణించి అత్తిలి వైపు వెళ్ళు, వేల్పూరు వైపు వెళ్ళు, ఉండ్రాజవరం వైపు వెళ్ళు. చుట్టూ చూస్తే ఇల్లో, గుడో, మిల్లు గొట్టమో కనపడని చోటు ఒక్కటి చూపించు. సాయంత్రం గోస్తనీ గట్టు మీద కాస్త దూరం నడిస్తే నలుగురు ఆపుతారు. ఎవరమ్మాయివి, ఎక్కడికి, ఒక్కదానివే వెళ్తున్నావేం అంటారు. ప్రేమతోనే అడుగుతారు, కాదనను. కానీ నడక వచ్చినప్పట్నుంచీ నేను ఎవరో ఒకరికి జవాబు చెప్పుకుంటూనే నడిచాను. అమెరికా వెళ్ళినా అంతే, అడిగేవాళ్ళు మారారు, ప్రశ్నలు మారాయి. జవాబు చెప్పనక్కర్లేని చోట నేనెలా ఉంటానో ఒక్కసారైనా చూడాలనిపించింది.

మావయ్య: అడిగేవాళ్ళు ఉండటం అదృష్టమమ్మా. ఈ డెల్టా నిలబడిందే అడగడం మీద. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ ఏ చేనూ తన బతుకు తాను బతకలేదు. పైవాడు తూము దించితేనే కిందివాడికి నీరందుతుంది. కిందివాడు మురుగు కాలువని పూడ్చుకుంటే పైవాడి చేను మునుగుతుంది. దాళ్వాలో నీరు చాలకపోతే వంతులు పెట్టేవాళ్ళం. అర్ధరాత్రి వంతొచ్చిన రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద ఒక్కడే నిలబడేవాడు, చూడ్డానికి నీ అంత ఒంటరిగానూ ఉండేవాడు. వాడి మనసంతా మాత్రం పై ఊరివాళ్ళు నీళ్ళు వదిలారా లేదా అన్నదాని మీదే. మనిషి కూడా అంతే అని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఒక్కడు అనేవాడు ఎక్కడా లేడు. నేను ఒంటరిగా నడిచానని నువ్వంటే, పై తూము సంగతి మర్చిపోయావంటాను.

అమ్మాయి: మర్చిపోలేదు. నా తిండి మూడు వారాల ముందే ఒక బకెట్లో సర్ది, దారి మధ్యలో ఉన్న రాంచ్‌కి పోస్టులో పంపాను. దాన్ని ఆ కొండల్లోకి చేర్చినవాళ్ళున్నారు. రోజుకి ఇంతమందే బయల్దేరాలని లెక్కపెట్టి పర్మిట్ ఇచ్చినవాళ్ళున్నారు. మ్యూర్ కనుమ మీద, చెట్టన్నది లేని ఎత్తులో, 1930లో సియెర్రా క్లబ్ అనే సంఘం కట్టించిన రాతి గుడిసె ఉంది. గాలివానలో చిక్కుకున్నవాళ్ళు తలదాచుకోడానికి కట్టారు. రోజూ ఎవరో ఒకరు ఎదురొచ్చేవాళ్ళు కూడా. లోకాన్ని వదిలేశానని నేననడం లేదు. నన్ను చూసే కళ్ళు లేని గంటలు దొరికాయంటున్నాను. రోజులో చాలా గంటలు, చాలా రోజులు.

మావయ్య: సరే, ఆ గంటల్లో ఏం దొరికింది? అది చెప్పు. అందరూ ‘ప్రశాంతత’ అనేసి ఊరుకుంటారు. నాకు ఆ మాట చాలదు.

అమ్మాయి: మొదట్లో ఏమీ దొరకలేదు. బుర్రలో ఆఫీసే. ఎవరో అన్న మాటకి అప్పుడు చెప్పలేని జవాబు అడవిలో పైకి అరిచి చెప్పేదాన్ని. భుజాలు సంచి పట్టీలకి ఒరుసుకుపోయాయి. దోమలు. నిద్రలేదు. కొన్నాళ్ళకి ఆ గొంతులు వాటంతటవే తగ్గాయి. ఏ రోజు తగ్గాయో చెప్పలేను. తగ్గాక పని మిగిలింది. అక్కడ పనులన్నీ చిన్నవే, కానీ తప్పు చేస్తే ఫలితం వెంటనే తెలుస్తుంది. మంచు కరిగి పారే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి, అంచేత పెద్ద వాగుల్ని పొద్దున్నే దాటాలి. మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి, అంచేత కనుమల మీద బోడి రాళ్ళని పన్నెండు లోపే దాటేయాలి. ఫారెస్టర్ కనుమ నాలుగు వేల మీటర్ల పైన ఉంటుంది, అక్కడ మబ్బు కమ్మితే దాక్కోడానికి పొద కూడా ఉండదు. తిండిని ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టి డేరాకి దూరంగా ఉంచాలి. ఇవన్నీ నేనే చూసుకోవాలి. తోడు ఉంటే మనం వాగుని సగమే చూస్తాం మావయ్యా. మిగతా సగం చూపు తోడు మీద ఉంటుంది. అలిసిపోయారా, విసుక్కుంటున్నారా, నేను నెమ్మదిగా నడుస్తున్నానని అనుకుంటున్నారా అని. ఒక్కదాన్నే ఉంటే ఆ సగం కూడా వాగుకే ఇస్తాను.

మావయ్య: అది ఏకాగ్రత. గుళ్ళో కూర్చున్నా వస్తుంది.

అమ్మాయి: నీకు వస్తుందేమో. నేను గుళ్ళో కూర్చుంటే పక్కావిడ నా చీర చూస్తుంది. ఇంకోటి చెప్తాను. అక్కడ అద్దం లేదు. కొన్నాళ్ళపాటు నేనెలా కనపడుతున్నానన్న ఆలోచనే నాకు రాలేదు. జుట్టు, నడక, కూర్చునే తీరు, నవ్వు, ఏదీ ఎవరి కోసమూ సర్దుకోలేదు. ఆడపిల్లకి అది ఎంత సుఖమో చెప్పినా నీకు తెలీదు.

ఇక్కడ మా అన్నయ్య కాసేపు ఏమీ అనలేదు. ఆ రోజు మాటలన్నిటిలోనూ నాకు బలంగా తగిలింది ఇదే. కొండల అందం గురించి చాలామంది రాస్తారు. చూపుల బరువు దిగడం గురించి రాసినవాళ్ళు తక్కువ.

మావయ్య: తెలీదనకు. కొంత తెలుసు. మాల వేసుకున్న రోజు నుంచీ నా పేరు నన్ను వదిలేస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడైనా, ఎకరాలున్న ఆసామైనా, నేనైనా అందరం స్వాములమే. నా ఉద్యోగం, నా పింఛను, నా కులం ఎవరూ అడగరు. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర బండల మీద పడుకుంటే పక్కన ఉన్నది ఎవరో తెలీదు, తెలుసుకోవాలనీ ఉండదు. పొద్దున్నే లేచి పెద్దచెరువు వైపు నడుస్తాం. అక్కణ్ణించి మఠంబావి, భీముని కొలను. ఆ కొలను లోయలోకి దిగి మళ్ళీ ఎక్కేసరికి మోకాళ్ళు ఏడుస్తాయి. కైలాసద్వారం చేరేసరికి ఎవడి చెయ్యి ఎవడు పట్టుకున్నాడో గుర్తుండదు. నువ్వు మనుషుల్ని తీసేసి దొరికించుకున్నదాన్ని నేను మనుషుల్లో కలిసిపోయి దొరికించుకుంటాను. ఇది పాత దారి. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి కూడా ఈ అడవిలోంచే శ్రీశైలం ఎక్కి, దారి సంగతులన్నీ రాసిపెట్టాడు. ఉగాదికి కన్నడ భక్తులు ఇదే దారిన వస్తారు, భ్రమరాంబని తమ ఇంటి ఆడపడుచు అనుకుని చీరా పసుపూ కుంకుమా మోసుకుంటూ. ఆ ఆనందం ఒక్కడు నడిస్తే వస్తుందా?

అమ్మాయి: రాదు. ఆ ఆనందం వేరు, నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ నువ్వు నడిచేది అడవిలో అని మాత్రం అనకు. తిరునాళ్ళు అడవి మధ్యకి వెళ్ళింది, దాంట్లో నువ్వు నడిచావు. ముందు మైకు, వెనక మైకు, అడుగడుక్కీ నీళ్ళ పొట్లాలు. ఆ రోజుల్లో అక్కడ పిట్ట కూత విన్నావా?

మావయ్య: పొట్లాల మాట నిజం, అది చూస్తే నాకూ బాధే. అన్నదానం పెట్టేవాళ్ళకి మేమే చెప్తున్నాం ఆకులు వాడమని. కానీ అమ్మా, మిగతా రోజుల్లో ఆ అడవి మనకి తెరవరు. నాగార్జునసాగర్, శ్రీశైలం అడవి 1983 నుంచీ పులుల ప్రాజెక్టులో ఉంది. పండగ రోజులకి తప్ప లోపలి దారి మూసే ఉంటుంది, ఉండాలి కూడా. మన దేశంలో అడవి అంటే జనం ఆనుకుని ఉన్న అడవి. నీ కాలిఫోర్నియాలో లాగా వారాల తరబడి ఒక్కడు పోయే చోటు మనకి లేదు, మన సంప్రదాయంలోనూ లేదు.

అమ్మాయి: సంప్రదాయంలో లేదా? నువ్వు మొక్కే మల్లికార్జునుడి కోసమే పన్నెండో శతాబ్దంలో అక్క మహాదేవి కన్నడ దేశం నుంచి నడిచి ఆ నల్లమలకే వచ్చింది. శ్రీశైలం డ్యామ్ వెనక కృష్ణలో పడవ మీద వెళ్తే ఆవిడ గుహ ఇప్పటికీ చూపిస్తారు. ఆవిడకి ఏ బృందం తోడుంది?

మావయ్య: దేవుడు తోడు. ఆయన్నే భర్త అనుకుని వచ్చింది. అది ఒంటరి నడక ఎలా అవుతుంది?

అమ్మాయి: దేవుడు ఆవిడకి ఇంటి దగ్గరా ఉన్నాడు, కల్యాణ నగరంలోనూ ఉన్నాడు. మరి అక్కడే ఉండిపోలేదేం? అక్కడి శివశరణుల సభ కూడా ముందు ఆవిడని నిలబెట్టి ప్రశ్నలు వేసిందనే కదా కథ. బట్ట ఎందుకు వదిలావు, జుట్టుతో ఎందుకు కప్పుకున్నావు అని. జవాబులు చెప్పింది, గెలిచింది, మెప్పించింది. అంతా అయ్యాక అడవికి వెళ్ళిపోయింది. నాకు ఆ చివరి భాగమే ముఖ్యం.

మావయ్య: నువ్వు మహాదేవిని తెస్తే నేను మన ఊరి భారతం తెస్తాను.

తణుకువాళ్ళకి నన్నయ మీద ఒక హక్కు ఉంది. ఆయన ఇక్కడివాడని, ఇక్కడ యజ్ఞం చేశాడని తరతరాలుగా చెప్పుకుంటాం. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం మొదలుపెట్టిన భారతాన్ని ఆయన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో వదిలేశాడు. మిగతా అరణ్యాన్ని ఎర్రన ఎప్పుడో తర్వాతి కాలంలో పూర్తి చేశాడు. నన్నయ రాసిన ఆ భాగంలోనే నలదమయంతుల కథ ఉంది. మా అన్నయ్య పట్టుకున్నది దాన్నే.

మావయ్య: రాముడు అడవికి వెళ్తే సీతాలక్ష్మణులు వెంట వెళ్ళారు. పాండవులు వెళ్తే ధౌమ్యుడూ బ్రాహ్మణులూ వెళ్ళారు. ఆ కథలన్నిటిలో అడవిలో నిజంగా ఒక్కతే మిగిలిన మనిషి ఎవరు? దమయంతి. నిద్రలేచేసరికి నలుడు లేడు. చీరలో సగం చింపుకుని పోయాడు. ఆ అడవి ఆవిడకి ప్రశాంతంగా ఉందా? చెట్టునీ పుట్టనీ అడుగుతూ ఏడుస్తూ తిరిగింది. కొండచిలువ పట్టుకుంది. ఒంటరితనం అంటే మన కవికి కనపడింది అది. నీకేమో పండగలా కనపడుతోంది.

అమ్మాయి: కథ అక్కడ ఆపేశావేం? కొండచిలువ నుంచి విడిపించింది ఎవరు? వేటగాడు. విడిపించిన వెంటనే వాడి చూపు మారింది. ఆవిడ శపిస్తే చచ్చాడు. తర్వాత వర్తకుల బిడారు కనపడింది, మనుషులు దొరికారు కదా అనుకుంది. రాత్రి ఏనుగుల మంద వచ్చి బిడారుని తొక్కేస్తే, మిగిలినవాళ్ళు ఏమనుకున్నారు? ఈ పిచ్చిదాని రాక వల్లే ఈ ఆపద వచ్చిందని, దొరికితే కొట్టి చంపాలని. వ్యాసుడి కథలో అలాగే ఉంది. పాముకి ఆకలి, అంతకుమించి ఏమీ లేదు. ఏనుగులకి ఆవిడెవరో కూడా తెలీదు. ఆవిడని వదిలేసింది మొగుడు, ఆశపడింది వేటగాడు, నింద వేసింది వర్తకులు. అడవిలో దమయంతికి వచ్చిన కష్టాల్లో అడవి పెట్టినవి ఎన్ని, మనుషులు పెట్టినవి ఎన్ని?

ఈ కథ నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఇలా లెక్క కట్టడం మాత్రం ఎప్పుడూ వినలేదు. దీనికి మా అన్నయ్య చెప్పిన జవాబు కూడా తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు.

మావయ్య: సరే. అయితే చివరికి ఆవిడ ఎక్కడ బాగుపడింది? చేది నగరంలో, ఒక రాజమాత ఇంట్లో, సైరంధ్రిగా. ఆ తల్లి ఎవరో కాదు, తన పినతల్లే. మనుషులు గాయం చేశారు, నిజమే. మందు వేసింది కూడా మనుషులే. అడవి గాయమూ చెయ్యదు, మందూ వెయ్యదు. దానికి నువ్వు అక్కర్లేదు.

అమ్మాయి: అదే నాకు కావలసింది! దానికి నేను అక్కర్లేదు. నేను బాగా నడిచినా, ఏడ్చినా, పాడినా ఆ కొండకి ఒకటే. మీ అందరికీ నేను కావాలి, దానికి నేను రుణపడే ఉంటాను. కానీ ఎప్పుడూ ఎవరికో ఒకరికి కావలసిన మనిషిగా ఉండటం అలసట మావయ్యా. నన్ను పట్టించుకోని చోట కొన్నాళ్ళు ఉంటే ఆ అలసట దిగింది.

మావయ్య: ఇప్పుడు అసలు సంగతి అడుగుతాను. ఆ అడవిలో నువ్వు ఒక్కదానివే ఎలా ఉండగలిగావు? అక్కడ అంతకుముందు ఎవరూ లేరా?

అమ్మాయి: ఉన్నారు. దారి పుస్తకంలో ఉండదు గానీ చదివి తెలుసుకున్నాను. యోసెమిటీ లోయలో అవ్వానీచీ అనే జనం ఉండేవాళ్ళు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే దళం వచ్చి ఊళ్ళు తగలబెట్టి తరిమింది. 1890లో నేషనల్ పార్కు అయ్యింది. 1964లో అమెరికా వాళ్ళు అడవుల కోసం ఒక చట్టం తెచ్చారు. అక్కడ మనిషి వచ్చిపోయే అతిథేగానీ ఉండిపోయేవాడు కాదని దాని భావం.

మావయ్య: ఉండేవాళ్ళని ముందు పంపేసి, తర్వాత అందరూ అతిథులే అన్నారన్నమాట. మన దగ్గర ఇదే చూశాను కాబట్టి అడిగాను. పాపికొండలు ఇక్కడికి ఎంత దూరం? పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. ఆ కొండలు కొండరెడ్లవి. 1945లోనే హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు వాళ్ళ మీద పుస్తకం రాశాడు. పోడు కొట్టుకుని, వెదురు నరుక్కుని, జీలుగు కల్లు తాగి బతికినవాళ్ళు. 2008లో ఆ అడవి నేషనల్ పార్కు అయ్యింది. ఇంకోవైపు పోలవరం. మా శాఖ కట్టే ప్రాజెక్టే, నేను దాచను. దాని ముంపు కింద ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి జంగారెడ్డిగూడెం వైపు కాలనీల్లోకి వచ్చాయి. నువ్వు రేపు పాపికొండల్లో ఒక్కదానివే నడిస్తే ఎంతో ఏకాంతం దొరుకుతుంది. ఆ ఏకాంతం వాళ్ళు ఖాళీ చేసిన ఇంటిది.

ఇంతసేపూ గట్టిగా మాట్లాడిన పిల్ల దీనికి చాలాసేపు ఆలోచించింది.

అమ్మాయి: ఇది నేను కాదనలేను. ఆ దారిలో కొన్ని రాత్రులు నాకూ ఇది గుర్తొచ్చింది. గ్రానైటు బండల మీద గుండ్రటి గుంటలు కనపడతాయి, అక్కడి ఆడవాళ్ళు సింధూరం గింజలు దంచి దంచి చేసినవి. సింధూరం అంటే ఓక్ చెట్టు. అలాంటి బండ పక్కన కూర్చుని అన్నం తింటే నేను ఒక్కదాన్నే ఉన్నానని అనుకోవడం సిగ్గనిపిస్తుంది. కానీ దానికి మందు నేను నడవకపోవడమా? నేను వెళ్ళకపోతే ఆ చోట రోప్‌వే వస్తుంది, రిసార్టు వస్తుంది. ఒక్క మనిషి, వీపు మీద మోసుకున్నంత సామాను, వెళ్ళాక పొయ్యి బూడిద కూడా మిగల్చకూడదన్న నియమం. అడవిని ఇంతకంటే తక్కువ అడిగేవాళ్ళెవరు? కొండరెడ్ల కొండ వాళ్ళ చేతిలోనే ఉంటే, నన్ను రానివ్వాలో వద్దో వాళ్ళు చెప్తే, నేను వాళ్ళనే అడుగుతాను. దారి కూడా వాళ్ళే చెప్పాలి.

మావయ్య: అప్పుడు నువ్వు ఒక్కదానివి కావుగా.

అమ్మాయి: కాను. అక్కడ కాకపోయినా ఫర్వాలేదు.

మావయ్య: అదీ మాట. గోదావరి ఒడ్డున పేరంటపల్లి ఉంది చూడు, బాలానంద స్వామి మునివాటం. ఎవరూ లేని చోటు కావాలనే ఆయన అంత లోపలికి వచ్చి ఉంటాడు. వచ్చాక ఆ కొండరెడ్ల మధ్యే బతుకంతా గడిచిపోయింది. ఏకాంతం ఎక్కడో ఒకచోట మనుషుల దగ్గరికే తీసుకొస్తుందని నాకనిపిస్తుంది.

అమ్మాయి: ఆయన్ని ఎవరూ ‘ఒక్కడివే వచ్చావేం’ అని అడగలేదు. అంతెందుకు, ఆచార్య ఎం. ఆదినారాయణ గారి ‘భ్రమణ కాంక్ష’ నువ్వే నాకు చదవమని ఇచ్చావు. ఆంధ్రా యూనివర్సిటీలో బొమ్మలు వేయడం నేర్పిన మాస్టారు, దేశమంతా కాలినడకన తిరిగాడు. ఎంత మురిసిపోయావు ఆ పుస్తకం చదివి!

మావయ్య: మురిసిపోయాను. పగలు ఒక్కడే నడిచినా, చీకటి పడితే ఆయన ఏదో ఊరు చేరేవాడు. ముక్కూ మొహం తెలీనివాళ్ళు అన్నం పెట్టేవాళ్ళు. అలాంటి ఏకాంతం నాకు ఇష్టమే.

అమ్మాయి: మగవాడు సంచి తగిలించుకుని ఊరి రచ్చబండ దగ్గర కూర్చుంటే అన్నం పెడతారు. నేను కూర్చుంటే ముందు పంచాయితీ పెడతారు. అందుకే నాకు ఊరు కంటే కొండ తేలిక. ఇది నాకు గర్వమైన సంగతి కాదు, బాధగా ఉన్న సంగతి.

మావయ్య: నీ బాధ నాకు తెలుస్తోంది. మా బాధ కూడా విను. మీ అమ్మ ఆ రోజుల్లో నిద్రపోలేదు. నీ శాటిలైట్ పరికరం నుంచి రోజుకో మెసేజ్ వచ్చేది, అది రాత్రి తొమ్మిదికి రాలేదంటే పదింటికి నాకు ఫోను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపిల్లని చిరుత ఎత్తుకుపోయింది. వేలమంది ఎక్కే దారి, మెట్లున్న దారి, అమ్మానాన్నల పక్కన నడుస్తున్న పిల్ల. ఆ తర్వాతే గుంపులుగా వెళ్ళమన్నారు, చేతికి కర్రలిచ్చారు. అక్కడే అలా అయితే నీ కొండల్లో ఏమైనా అయితే మాకు తెలిసేదెప్పుడు? నీ ప్రాణం నీ ఒక్కదానిదేనా?

అమ్మాయి: కాదు. అమ్మ పడ్డ బాధకి నా దగ్గర సమాధానం లేదు, ఉందని నటించను. కానీ అదే నేను మగపిల్లాణ్ణయితే?

మావయ్య: అయినా ఇదే అంటాను.

అనడు. ఈ ఒక్క చోట మా అన్నయ్య తప్పుకున్నాడు. వాళ్ళబ్బాయి ఒక్కడే మోటారుసైకిల్ మీద లడఖ్ వెళ్తానంటే పెట్రోలు డబ్బులిచ్చి, టైర్లు మార్పించి, వీధి చివరిదాకా వెళ్ళి సాగనంపినవాడు ఆయనే. అప్పుడు కూడా వదినకి నిద్రలేదు. వాడిది సాహసం, ఈ పిల్లది మొండితనం ఎలా అయ్యాయో ఆయన్ని అడిగాను. జవాబు చెప్పలేదు, కోప్పడనూ లేదు. ఆడపిల్ల అడవిలో ఒక్కతే నడుస్తానంటే మనకి వచ్చే భయంలో కొంత అడవి గురించి, కొంత లోకం గురించి, మిగిలింది అలవాటు. ఆ మూడిటినీ విడదీసుకోకుండా ఆ పిల్లని ఆపే హక్కు మనకి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మావయ్య: ఇంత చెప్పావు. ఈ శివరాత్రికి నాతో రా. వెంకటాపురం నుంచి నడుద్దాం. సెలవు పొడిగించుకో.

అమ్మాయి: వస్తాను. నాగలూటి నుంచి పెద్దచెరువు దాకా మాత్రం నన్ను ముందు వెళ్ళనివ్వు. ఒక గంట ముందు.

మావయ్య: గంటా? పులుల అడవి.

అమ్మాయి: నాకు ముందూ వెనకా వేలమంది స్వాములుంటారుగా.

మావయ్య: అంతమంది మధ్య ఇంకేం ఒంటరి నడక?

అమ్మాయి: అదే నేనూ అడుగుతున్నాను. అంతమంది మధ్య నాకు ఒక గంట ఇవ్వడానికి నీకు భయం దేనికి?

మావయ్య: చెప్పమంటావా? పులి గురించి కాదు. నువ్వు పెద్దచెరువు దగ్గర ఆగకుండా అలాగే వెళ్ళిపోతావేమోనని.

అమ్మాయి: ఆగుతాను మావయ్యా. అక్కడ నీకోసం విస్తరి కూడా పట్టి ఉంచుతాను. కానీ గంట.

మావయ్య: అరగంట.

అమ్మాయి: గంట.

ఇది రాసే వేళకి ఇంకా తేలలేదు. సెలవు పొడిగింపు కోసం మాత్రం ఆ పిల్ల ఆఫీసుకి రాసింది.